అవతలివారి ఎత్తు

నా చిన్నప్పుడు మా పక్కింటి వసారాలో ఒక చదరంగం బల్ల ఏడాది పొడవునా పరిచే ఉండేది. ఆ ఇంటి టీచరమ్మగారు రిటైరై ఒక్కరే ఉండేవారు. విజయనగరంలో ఉన్న పాత స్నేహితురాలితో ఆవిడ పోస్టుకార్డుల మీద చదరంగం ఆడేవారు. ఇటునుంచి ఒక ఎత్తు రాసి పంపితే, అటునుంచి జవాబు రావడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టేది. కార్డు అందిన రోజున ఆవిడ బల్ల మీద ఆ పావును జరిపి చూసుకునేవారు కానీ, జవాబు మాత్రం ఆ రోజు రాయకుండా మర్నాటికి ఉంచుకునేవారు. మా అమ్మకు అదంతా వింత.

"మీ ఆట అయ్యేలోగా మా పిల్లకి పెళ్ళయిపోద్దండీ టీచరమ్మగారూ" అని నవ్వేది.

"అవ్వనీ అమ్మా, భోజనానికి వస్తాను" అనేవారు ఆవిడ.

నాకు అప్పటికి చదువు లేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని తిరగడమే నా పని. అక్షరాలు అరవై దాటాక మా కోడలి దగ్గర దిద్దుకున్నాను. అయినా బల్ల మీద గుర్రం ఎలా దూకుతుందో మాత్రం ఆ వసారాలోనే తెలిసింది.

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. ఒక ముసురు రోజు చెట్టు మీంచి జారి పడ్డాడు. ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదు. మంచం మీద ముక్తేశ్వరం రేవుకి మోసుకెళ్ళి, గోదావరి దాటించి, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అమ్మ తమ్ముణ్ణీ నన్నూ టీచరమ్మగారికి అప్పగించి వెంట వెళ్ళింది.

తర్వాత కబురు లేదు. నేను రోజూ రేవుకి పరుగెత్తి, పడవ దిగిన ప్రతివారినీ మా నాన్న సంగతి అడిగేదాన్ని. బతుకుతాడని ఒకరు అనేవారు, కష్టమేనని ఇంకొకరు. వాళ్ళెవరికీ ఏమీ తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మగారు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. విజయనగరం కార్డు ఇంకా రాలేదు. ఆవిడ మాత్రం ఏ తొందరా లేకుండా పావుల మీద దుమ్ము తుడుస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. అవతలావిడ గుర్రాన్ని పట్టుకుని ముందుకి తోసేశాను.

"ఆవిడ ఎత్తు కూడా మనవే ఏసేద్దామండీ. ఎన్నాళ్ళని చూత్తాం!"

ఆవిడ కోప్పడలేదు. గుర్రాన్ని ఉన్నచోటే పెట్టారు. "అది మన చెయ్యి కాదమ్మా. మనం వెయ్యాల్సింది వేసి పంపేం. ఇప్పుడు ఆవిడ వంతు." దాని మీద దుమ్ము తుడుస్తూ, "కాకినాడలో ఇప్పుడు డాక్టరుగారి వంతు, మీ అమ్మ వంతు. నువ్వు రేవులో నిలబడి వాళ్ళ ఎత్తులన్నీ వేస్తున్నావు. నీ వంతుది ఏదన్నా మిగిలిపోయిందేమో చూడు" అన్నారు.

మా పెరట్లో మేక పొద్దుటినుంచీ అరుస్తూనే ఉందట. నాకది అప్పుడు వినబడింది.

"మేకకి మేత ఎయ్యలేదండీ!"

"ఆయ్, పద మరి."

ఇద్దరం పనసాకు కోసుకొచ్చి వేశాం. కుండలో నీళ్ళు పెట్టాను. తమ్ముడికి స్నానం చేయించాను. నాన్న గురించిన భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ పూట ఆవిడ కలిపి పెట్టిన పప్పన్నం తిన్నాను.

తర్వాత ఒక రోజు పడవలోంచి అమ్మ ఒక్కతే దిగింది. ఒక్కతే కనబడేసరికి నేను గట్టు మీదే ఆగిపోయాను. అమ్మ దూరం నుంచే అరిచింది: "బతికేడే! కాలికి కట్టు ఏసేరు!" నాన్న కుంటుతూ ఇంటికి వచ్చాడు. మళ్ళీ చెట్టు ఎక్కలేదు, కింద కూర్చుని కాయలు వలిచేవాడు.

ఆవిడ నెమ్మది పుట్టుకతో వచ్చిందనే నేను అనుకున్నాను. నేను పెద్దయ్యాక ఆవిడే ఒకసారి చెప్పారు, భర్త చనిపోయిన ఏడాది మొదలుపెట్టిన ఆటట అది. రేపటిదాకా ఆగడానికి ఏదో ఒక కారణం కావలసి వచ్చిందట.

పోయిన ఎండాకాలం అమలాపురంలో మా మనవరాలిని కాన్పు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. కష్టంగా ఉందన్నారు. మావాళ్ళంతా ఆ తలుపునే చూస్తూ, వచ్చే పోయే నర్సులందరినీ ఆపి అడుగుతున్నారు. నాకూ భయంగానే ఉంది. సంచిలోంచి నా పాత నూలుచీర తీసి, బిడ్డకి పొత్తిగుడ్డలుగా చింపాను. డాబా మీద కుళాయి దగ్గర శుభ్రంగా ఉతికి, తీగ మీద ఆరేశాను. కిందనుంచి నన్ను పిలిచి, ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమమని చెప్పేసరికి గుడ్డలు ఆరిపోయి ఉన్నాయి.