షవర్ కింద గేదె

బీమా కంపెనీలో ఫొటోలు పరిశీలించే ఆమెను ఆఫీసులో అందరూ అనుమానాలక్క అని పిలిచేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె పలికేది కూడా. కారు అద్దం పగిలిందనో, గోడ కూలిందనో జనం పంపే ఫొటోలన్నీ ఆమె టేబుల్ దగ్గరికే వచ్చేవి. నీడ ఏ పక్కకు పడింది, ఏ అంచు అతికినట్టుంది, ఆ ఫొటో మొదట ఏ ఫోనులో పుట్టి ఎవరెవరి చేతులు మారి వచ్చింది, అన్నీ కూపీ లాగేది. ఒకే సొట్ట మూడు వేరువేరు కార్ల మీద తిరుగుతోందని పట్టుకున్నది ఆమే.

ఈ విద్య ఇంట్లోవాళ్లకు మాత్రం మింగుడుపడలేదు. కూతురి బడివాళ్లు పంపిన గ్రూపు ఫొటో చూసి, "మీ హెడ్‌మాస్టారు ఆ రోజు రాలేదే! తల తెచ్చి అతికించారు" అంది. నిజంగానే ఆయన ఆ రోజు సెలవు. అయినా కూతురు ముఖం మాడ్చుకుని చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. మరిదికి చూసిన పెళ్లికూతురి ఫొటోలో నడుము సన్నం చేయబోతే పక్కన గోడ వంకర తిరిగిందని చెప్పినప్పటినుంచి చుట్టాలు ఆమెకు ఫొటోలు పంపడమే మానేశారు.

అలాంటి మనిషి దగ్గరికి, కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన దరఖాస్తు వచ్చింది. రెండో అంతస్తులోని తమ ఇంట్లోకి గేదె ఎక్కి వచ్చి, బాత్‌రూమ్ తలుపు, వాష్‌బేసిన్ విరగ్గొట్టిందట. ఫొటోలో ఓ నల్లటి గేదె షవర్ కింద కళ్లు మూసుకుని, తపస్సు చేస్తున్నట్టు నిలబడి ఉంది.

అనుమానాలక్క నవ్వలేదు. గేదెకు రెండు నీడలున్నాయి. అద్దంలో ముఖం కనపడాల్సిన చోట తోక కనపడుతోంది. ఫొటో తీసిన తేదీ చూస్తే, అప్పటికి ఆ రకం ఫోను లోకంలోనే లేదు. 'కల్పితం' అని రాసి పంపేసింది. ఆయన మళ్లీ పంపాడు. ఆమె మళ్లీ కల్పితమంది. చివరికి ఆయనే వచ్చి ఆమె టేబుల్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, కళ్లెదురుగా ఉన్నదాన్ని అబద్ధమంటే నేనేం చెయ్యను? మీరే వచ్చి చూడండి."

"ఇంకా మీ ఇంట్లోనే ఉందా? అది వచ్చి నెల దాటిందన్నారుగా!"

"ఎక్కడికి పోతుందండీ? పరిశీలన పూర్తయ్యేదాకా ఘటనాస్థలంలో ఏదీ కదపరాదని మీరే కదా రాశారు!"

ఆ వాక్యం కంపెనీ పంపే ప్రతి ఉత్తరం అడుగునా అచ్చులో ఉండేదే. దాన్ని ఎవరైనా చదువుతారేమోనని మాత్రం అనుమానాలక్కకు ఏనాడూ అనుమానం రాలేదు. బ్యాగు తగిలించుకుని ఆయన వెంట బయల్దేరింది.

తలుపు తీసింది ఆయన అక్కయ్య. భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె ఉన్నాయి. "రామ్మా, కూర్చో. నేను స్నానానికి పక్కింటికి వెళ్తున్నా. లోపల మీ గేదె ఉందిగా!" అంది. హాల్లో గడ్డిమోపు. దాని మీద కూర్చుని పాలవాడు క్యాను కడుక్కుంటున్నాడు. గేదె అతనిదే. వీధిలో కట్టేసినది తాడు తెంపుకుని, నీళ్ల చప్పుడు విని మెట్లెక్కిందట. అప్పటినుంచి రెండు పూటలా అతను పైకొచ్చే పాలు పితుకుతున్నాడు.

బాత్‌రూమ్‌లో గేదె ఉంది. ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఒక నీడ వెంటిలేటర్ వెలుగుది. రెండోది ఎదురింటి అద్దాల గోడ మీద పడి తిరిగొచ్చిన ఎండది. ముఖం చూసుకునే అద్దం ఓ అలమర తలుపు. అది ఓరగా తెరిచి ఉంది కాబట్టి తోకే కనపడుతోంది. ఫోను బకెట్లో పడి లేచాక తేదీ తప్పిందని అక్కయ్య వెళ్తూ వెళ్తూ చెప్పింది. అనుమానాలక్క చెయ్యి వేస్తే గేదె వెచ్చగా ఊపిరి వదిలింది. ఇన్నేళ్లలో తను పరిశీలించినదాన్ని ముట్టుకోవడం ఆమెకదే మొదలు.

వెంటనే తన ఫోనుతో ఫొటో తీసి ఆఫీసుకు పంపింది. ఆఫీసులో ఫొటోల నిజానిజాలు తేల్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది. మేనేజరు ఫోను చేశాడు.

"ఇది కల్పితమని వస్తోందమ్మా. రెండు నీడలున్నాయట."

"నేను దాని పక్కనే ఉన్నాను సార్!"

"అయితే నువ్వూ అందులో ఉండేలా తియ్యి."

పాలవాడు తీశాడు. మేనేజరు మళ్లీ ఫోను చేశాడు. "గేదె సంగతలా ఉంచు. నిన్ను అతికించారంటోంది."

"సార్, నా గొంతు వినపడుతోందిగా!"

"గొంతులు కూడా తయారుచేస్తున్నారమ్మా ఈ మధ్య" అన్నాడాయన, కొంచెం భయంగా.

అనుమానాలక్క స్టూలు మీద కూలబడింది. తాను 'కల్పితం' అని కొట్టేసిన మనుషులంతా ఇలాగే ఏదో ఒక స్టూలు మీద కూర్చుని ఉంటారనిపించింది. లేచి, "ఓ కాగితం, పెన్సిలు ఇస్తారా?" అని అడిగింది. గేదె బొమ్మ గీసింది. ఆమెకు బొమ్మలు రావు. అది కొమ్ములు మొలిచిన సోఫాలా వచ్చింది. షవర్ గొడుగులా వచ్చింది. ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపింది.

"భేష్!" అన్నాడు మేనేజరు. "ఎక్కడా మార్పుచేర్పుల్లేవు, అసలైన ఫొటో అని వచ్చింది. మొదటే ఇంత స్పష్టంగా పంపొచ్చుగా?"

దరఖాస్తు మంజూరైంది. ఇక కదపొచ్చని చెప్పగానే పాలవాడు కుళాయి కట్టేసి, "రావే తల్లీ" అన్నాడు. గేదె కళ్లు తెరిచి, ఒళ్లు విదిలించి అందరినీ తడిపేసి, మెట్ల మీద ఒక్కో కాలూ ఆచితూచి వేస్తూ దిగిపోయింది. స్నానం చేసి వచ్చిన అక్కయ్య కొంగుతో కళ్లొత్తుకుంది. "అలవాటైపోయిందమ్మా. నేనేం చెప్పినా తలూపేది" అంది.

ఆ తర్వాత అనుమానాలక్క, అవకాశం దొరికితే చాలు, స్వయంగా వెళ్లి చూడటం మొదలుపెట్టింది. మొన్న ఎవరో చెట్టెక్కిన పడవ ఫొటో పంపారు. మేనేజరు పకపకా నవ్వాడు. ఆమె గొడుగు తీసుకుని బస్సెక్కింది. తీరా వెళ్లి చూస్తే అక్కడ పడవా లేదు, చెట్టూ లేదు. ఆ ఇంటివాళ్లు ఇచ్చిన మంచినీళ్లు తాగి, 'కల్పితం' అని రాసుకుని, హాయిగా బస్టాపుకు నడిచింది.