నేను రాసిన గురప్పయ్య

మొన్న తిరుపతిలో ఒక చేతిపనుల ప్రదర్శనకు వెళ్ళాను. ఒక మూల ఎవరో అమ్మాయి, కలంకారీ కోసం కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నేతగుడ్డ ముంచి పిండుతోంది. ఆ పచ్చిపాల వగరు వాసన తగలగానే పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను తల దించుకున్నాను. ఆ వాసన వస్తే నాకు గురప్పయ్య గుర్తుకొస్తారు. ఆయనతో పాటే నేను చేసిన పని కూడా గుర్తుకొస్తుంది. నలభై ఏళ్ళు దాటినా ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

డెబ్బైల చివర తిరుపతిలో ఇంగ్లీషు ఎం.ఏ. ముగించి, శ్రీకాళహస్తిలో కొత్తగా తెరిచిన శిక్షణ కేంద్రంలో చేరాను. పల్లెల నుంచి వచ్చిన యువతీయువకులకు కలంకారీ నేర్పే చోటు అది. విదేశంలోని ఒక సేవాసంస్థ ఇచ్చే సాయంతో నడిచేది. అక్కడ గురప్పయ్య గురువు. ఆయన కూతురు కస్తూరికి ఇరవై ఏళ్ళు. తండ్రి పక్కన కూర్చుని కొత్తవాళ్ళ గీతలు దిద్దేది. ఆరు నెలలకోసారి ఆ సంస్థకు ఇంగ్లీషులో నివేదిక రాయడం నా ఉద్యోగం. ఆ ఊళ్ళో అంత ఇంగ్లీషు నాకే వచ్చునని నా పొగరు.

గురప్పయ్యకు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం శిష్యులందరినీ గుడ్డలు జాడించడానికి స్వర్ణముఖి ఏటికి తీసుకెళ్ళేవారు. నీళ్ళలో వేసే ముందు ఎవరి గుడ్డ వాళ్ళు పరిచి, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్ళే వేలు పెట్టి చూపించాలి. ఇంకొకరు పట్టుకునేదాకా ఆగకూడదు. ముందుగా ఆయనే తన గుడ్డ పరిచేవారు. "ఇదో ఈడ, నెమలి మెడ వంకర పోయినాది. చెయ్యి తొందరపడినాది" అనేవారు. నాకు ఆ వంకర ఎంత వెతికినా కనిపించేది కాదు. ఒకరోజు నవ్వుతూ, "ఎవరికీ కనపడని తప్పు చెప్పడం ఎందుకయ్యా?" అని అడిగాను. "నాకు కనపడతా ఉండాది గదా పాపా" అన్నారు. ఆ వయసులో అది నాకు చాదస్తంగా తోచింది.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నివేదిక రాయాల్సి వచ్చింది. కేంద్రం కార్యదర్శి నన్ను పిలిచి, "వాళ్ళ గుండె కరిగేటట్టు రాయమ్మా" అన్నాడు. గురప్పయ్య పెరట్లో ఒక కుండ, అందులో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, పులిసిన బెల్లం నీళ్ళు చూశాను. ఎందుకని ఎవరినీ అడగలేదు. రంగు కొనే స్తోమత లేని ముసలి కళాకారుడు తుప్పుతో, పాడైపోయిన బెల్లంతో నల్లరంగు చేసుకుంటున్నాడని రాశాను. కూతురికి అక్షరం ముక్క రాదని కూడా చేర్చాను. రాస్తూ నా కళ్ళే చెమర్చాయి. చూడండి నా తెలివి! కలంకారీలో నలుపంటే అదే. ఇనుము, బెల్లం కలిపి ఇరవై రోజులు పులియబెడితేనే ఆ నలుపు వస్తుంది, ఉతికినా పోదు. కస్తూరి పదో తరగతి పాసైంది. ఈ రెండు సంగతులూ నాకు మూడు నెలల్లోనే తెలిశాయి. అయినా ప్రతి నివేదికలోనూ ఆ వాక్యాలే మళ్ళీ దించాను. అవి చదివే సాయం పెంచారని కార్యదర్శి నన్ను మెచ్చుకున్నాడు మరి.

మూడో ఏడు ఆ సంస్థ ఒక యువజన మార్పిడి కార్యక్రమం పెట్టింది. మా కేంద్రం నుంచి ఒకరు మూడు నెలలు వాళ్ళ దేశానికి వెళ్ళి, అక్కడి విద్యార్థులకు ఈ పని చూపించాలి. ఎవరు వెళ్ళాలో తేల్చడానికి వాళ్ళ తరఫున ఒకావిడ వచ్చింది. కస్తూరే వెళ్తుందని అందరమూ అనుకున్నాం. గురప్పయ్య కూతురికి కొత్త చెప్పులు కూడా కొన్నారు.

ఆవిడ రాగానే సంచిలోంచి ఒక పెట్టె తీసి గురప్పయ్య చేతుల్లో పెట్టింది. నిండా రంగుల ట్యూబులు. ఇక మీరు తుప్పుతో అవస్థ పడనక్కర్లేదని ఇంగ్లీషులో ఎంతో ప్రేమగా చెప్పింది. ఆయన రెండు చేతులా అందుకుని, నావైపు తిరిగారు.

"ఇవి యెందుకంట పాపా?"

"గుర్తుగా ఇచ్చారయ్యా" అన్నాను.

కస్తూరి చప్పున తలెత్తి నన్ను చూసింది. ఆ మాత్రం ఇంగ్లీషు దానికి తెలుసు. "మేడమ్, దిస్ బ్లాక్..." అని మొదలుపెట్టింది. నేను అడ్డుపడి, ఆవిడను వేరే గుడ్డ చూడమని పక్కకు తీసుకుపోయాను. అక్కడ ఆవిడే అంది, చదువురాని పిల్లను అంత దూరం పంపడం భావ్యం కాదని, ఈ కళ గురించి ఇంత బాగా రాసే నువ్వే రాకూడదా అని. ఒక్క వాక్యం చెబితే చాలు. ఆ అమ్మాయికి చదువు వచ్చు, నేనే తప్పు రాశాను, అనాలి. "థాంక్యూ" అన్నాను. నాకు వెళ్ళాలని ఉంది. ఇందులో కార్యదర్శిని అనడానికేమీ లేదు.

ఆ సాయంత్రం ఏటి దగ్గర అందరూ గుడ్డలు పరిచి తప్పులు చూపించారు. గురప్పయ్యా చూపించారు. తరువాత ఎప్పుడూ అడగనిది, "ఇంకెవురన్నా సూపించేది ఉండాదా?" అని అడిగారు. నా వైపు చూడలేదు. నేను నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన, "సరే, గుడ్డలు నీళ్ళలో ఎయ్యండి" అన్నారు.

మూడు నెలలు వెళ్ళొచ్చాను. తిరిగి రాగానే ఆయన అడిగింది ఒక్కటే. "ఆ దేశమోళ్ళు నలుపు గురించి అడిగినారా పాపా?"

"అడిగారయ్యా."

"సరింగా సెప్పినావా?"

"చెప్పాను." అది నిజమే. అక్కడ అంతా సరిగ్గానే చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

"మేలు" అన్నారాయన. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఆ తరువాత కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికాను. విదేశీ ఉపకార వేతనాలకు పిల్లల గురించి ఉత్తరాలు రాయాల్సి వచ్చినప్పుడల్లా, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రాసినదంతా తెలుగులో చదివి వినిపించి, అవునంటేనే సంతకం పెట్టాను. పిల్లలు నన్ను మంచి టీచరన్నారు. ఎందుకలా చేస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. గురప్పయ్యకు మాత్రం, ఆయన పోయేదాకా, నా తప్పు చెప్పుకోలేకపోయాను.

నేను తిరిగొచ్చిన ఆ రోజు గడప దాకా నాతో వచ్చింది కస్తూరి. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చాలాకాలంగా మనసులో దాచుకున్నది అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"అక్కా, ఆడ పారే ఏరు ఉండాదా, గుడ్డ జాడించేదానికి?"

నేనున్న గది కిటికీ కిందే పెద్ద ఏరు పారేది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా నేను దాని దగ్గరికి దిగలేదు.