వదిన మానేసిన పాట

మా ఎదురింటి వదిన పోయిందన్న కబురు పాలు పోసే మనిషి చెప్పాడు. చెంబులో పాలు వంచుతూ, "మీ ఒదినమ్మ తెల్లారేసరికి ఎల్లిపోయిందంటమ్మా" అన్నాడు. చెంబు గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తాను. అప్పటికే వాళ్ళ వాకిలి నిండిపోయింది. మధ్యాహ్నానికి మాచర్ల బస్సు దిగి కొందరు, సత్తెనపల్లి నుంచి బండ్లు కట్టుకుని కొందరు వచ్చారు. నేను ఒక మూల కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను. ఏడుస్తూనే, రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. పోయిన మనిషిని చూసి అసూయపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంది. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆవిడే.

వదినకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. నేను నరసరావుపేటకు కాపురానికి వచ్చిన రోజున ఆవిడ ఎదురింటి గడపలో నిలబడి, "ఏమే మరదలా, సామాన్లు దించుకున్నావా?" అంది. ఆ పూట నుంచి వదిన అయిపోయింది. చిన్నతనంలోనే మశూచి వచ్చి ఆవిడకు ఒక కన్ను పోయింది. ఒంటికన్ను మనిషి ఎదురొస్తే ప్రయాణానికి మంచిది కాదని అనుకుంటారు కదా. రైలుకు బయలుదేరినవాళ్ళు ఎదురుపడితే ఆవిడే ఆగి, పోయిన కంటి మీద అరచెయ్యి పెట్టుకుని, "మూశాన్లే, ఇంక శకునం మంచిదే, పోండి" అనేది. వాళ్ళు సిగ్గుపడి నవ్వుతూ స్టేషను దారి పట్టేవాళ్ళు.

ఆవిడ పేరు పడింది మాత్రం పెళ్ళిళ్ళలో. మగపెళ్ళివారు బంతిలో భోజనానికి కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి వైపు నుంచి వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాటలు పాడడం మన వైపు ఉన్నదే. మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా, పురోహితుడి తర్వాత పిలుపు వదినకే. పోనీ ఆవిడ గొంతు బాగుంటుందా? మిరపకాయలు దంచే రోకలి చప్పుడే నయం. నేనేమో నాటకాలవాళ్ళకు హార్మోనియం వాయించే మేష్టారి దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నదాన్ని. నా పాటకు అందరూ తలలూపేవారు, కొందరు కళ్ళు మూసుకునేవారు. ఆవిడ పాటకు విస్తళ్ళ ముందు పడీపడీ నవ్వేవారు. తలలూపించుకున్నవాళ్ళకు ఆ నవ్వు ఎంత కడుపుమంటో అనుభవిస్తేగాని తెలియదు.

మొదటి ముక్క ఎప్పుడూ ఆవిడ తన మీదే పాడుకునేది.

"ఒంటికన్నుదాన్ని నేనమ్మా వదినమ్మా
సగమే చూస్తాను, సగం ఒదిలేస్తాను"

ఆ తర్వాత మొదలయ్యేది అసలు వరస. నల్లగా ఉన్నవాళ్ళ నలుపు, లావుగా ఉన్నవాళ్ళ లావు, లోభుల లోభం ఏదీ మిగిలేది కాదు. అవి సరే, ఎవరైనా పాడతారు. వదిన మనం నోరెత్తకూడదనుకునే సంగతుల మీద కూడా పాడేది. మా వీధిలోనే ఒక పెళ్ళికి మాచర్ల నుంచి వచ్చిన వియ్యపురాలి మొగుడు రంగూన్ పోయి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకుని, తిరిగి చూడలేదు. ఆ మాట ఆవిడ ముందు సొంత అక్కచెల్లెళ్ళే ఎత్తరు. వదిన బంతి మధ్యలో నిలబడి పాడింది.

"రంగూను పడవెక్కి రాజెళ్ళినాడే
పన్నెండేళ్ళయినా పత్తా లేడే
పాయసం చల్లారె, పప్పూ చల్లారె
వాడికీ ఒక విస్తరెయ్యనా వియ్యపురాలా?"

వడ్డించేవాళ్ళ చేతుల్లో గరిటెలు ఆగిపోయాయి. అయిపోయింది, ఈ రోజుతో ఈవిడ పని అయిపోయింది అనుకున్నాను. అబద్ధమెందుకు, సంతోషించాను. వియ్యపురాలు తలెత్తి, "ఎయ్యండి, ఎయ్యండి! ఆకు ఎండిపోయిందాకా కాపలా కూచోండి ఆ సచ్చినోడి కోసం!" అని పగలబడి నవ్వింది. బంతి బంతంతా నవ్వింది. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, పాయసం మారు వడ్డించమంది. పన్నెండేళ్ళుగా ఆవిడ ఇంత కడుపారా తినడం చూడలేదని వాళ్ళ చెల్లెలు ఎవరితోనో అంటుంటే విన్నాను.

ఆ వారమే నేను ఆడవాళ్ళ సమాజంలో ఒక వ్యాసం చదివాను. పరుల గాయాల మీద హాస్యమాడడం అనాగరికమనీ, చదువుకున్న స్త్రీలు ఈ పాటల్ని మానిపించాలనీ రాశాను. చప్పట్లు బాగానే కొట్టారు. అందులో ఒక్క వాక్యమూ తప్పు కాదు. అయితే ఆ వ్యాసం నా చేత రాయించింది నాగరికత కాదు, ఆ బంతిలో విన్న నవ్వు. వదిన ముందు వరసలోనే కూర్చుని చివరిదాకా విని, "చానా బాగా చదివావే. నాకసలు కాగితం చూసి మాట్టాడ్డం రానే రాదు" అంది. ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. కాదు. అది ఇంకా మండించింది.

ఆ తర్వాత రంగూన్ మీద బాంబులు పడ్డాయి. చక్కెరకు కార్డులొచ్చాయి. పెళ్ళిళ్ళలో బూరెలూ లడ్లూ అన్నీ బెల్లంతోనే అయిన ఆ రోజుల్లో మా చెల్లెలు తన కూతురికి సత్తెనపల్లి సంబంధం కుదుర్చుకుంది. పెళ్ళి మా ఇంట్లోనే. సరిగ్గా అప్పుడే వదినకు చలిజ్వరం. చెల్లెలు దిగులుగా వచ్చి, "అక్కా, బంతిలో నువ్వు పాడవే" అంది. వ్యాసం చదివిన దాన్ని కదా, కాదనాలి. ఆ మాట కోసమే ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాను.

పొద్దున విడిదికి నీళ్ళు మోసిన మనిషి, పెళ్ళికొడుకు అన్న రంగూన్‌లో ఉంటాడట, రెండేళ్ళయి రాలేదట అని చెప్పింది. ఎందుకు రాలేదని నేను అడగలేదు. బాంబుల సంగతి నాకు తెలియక కాదు. వదిన పాట సరిగ్గా అతుకుతుందన్న సంబరంలో పన్నెండేళ్ళను రెండేళ్ళు చేసి, రాజును పెద్దోడు చేసి, హార్మోనియం శ్రుతి చూసుకుంటూ కూర్చున్నాను.

ఎంత బాగా పాడానో చెప్పలేను. నా జన్మలో అంత బాగా పాడలేదు. "వాడికీ ఒక విస్తరెయ్యనా" అని పై స్థాయిలో ఆపి, నవ్వు కోసం చూశాను. వియ్యపురాలు కలుపుకున్న అన్నం విస్తట్లో వదిలేసి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది.

"నా కొడుక్కి ఆకేస్తావటే? వాడు బతికే ఉన్నాడు. ఎవురు చెప్పినా నేను తద్దినం పెట్టించలా. నువ్వు పెడతావటే?"

ఇంకేముంది, మగపెళ్ళివారంతా విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. పెళ్ళికొడుకు మేనమామ, "పిల్లను మీ ఇంటోనే ఉంచుకోండి. మేం బళ్ళు కట్టుకుంటన్నాం" అని కేకేశాడు. పసుపు బట్టల్లో ఉన్న పిల్ల స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. మా చెల్లెలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఎవరు చెప్పారో తెలియదు, వదిన గొంగళి కప్పుకుని వణుకుతూ వీధి దాటి వచ్చింది. నా వైపు చూడకుండా నేరుగా విడిదికి పోయి, వియ్యపురాలి పక్కన కింద కూలబడింది. నేను వెనకాలే వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను.

"మీ పెద్దోడికి ఏం కూరంటే ఇష్టమమ్మా?" అంది వదిన.

వియ్యపురాలు ఎండిపోయిన ఎంగిలి చేతి వైపు చూసుకుంది. తర్వాత, "గోంగూర. పచ్చిమిరగాయలేసి నూరితే వేరే కూర అడగడు" అంది.

"కారం బాగా తింటాడా?"

"మా ఇంటో అందరికన్నా ఎక్కువ" అంది ఆవిడ. ఇక ఆగలేదు. వాడి గొంతు ఎలా ఉంటుందో, ఏ చెయ్యి వాటమో, పడవెక్కే రోజున ఏం తిన్నాడో అంతా చెప్పింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో వాడి మాట ఎత్తనిచ్చినవాళ్ళు లేరట. వదిన అన్నీ విని, చివరికి తలుపు పక్కనున్న నన్ను చూపిస్తూ, "మా మరదలికి దేవుడు గొంతిచ్చాడు గానీ చెవులియ్యడం మర్చిపోయాడమ్మా. పాడేటప్పుడు ఎదురుగా మడిసుందో గోడుందో దానికి తెలవదు" అంది. వియ్యపురాలు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, వద్దనుకుంటూనే, నవ్వింది. గంట తర్వాత మళ్ళీ విస్తళ్ళు వేశారు. పిల్ల అత్తారింటికి వెళ్ళింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.

గొంతుందిగాని చెవుల్లేవన్న మాట మాత్రం నరసరావుపేట అంతా పాకింది. కూరగాయల బజారులో కూడా నా వెనక అనుకునేవారు. నాలుగు రోజులు ఓర్చుకుని వదిన మీదకు యుద్ధానికి పోయాను.

"నువ్వు పాడితే నవ్వారు. అదే పాట నేను పాడితే లేచిపోయారు. నా గొంతు నీకంటే తీసిపోయిందా?"

"నీ గొంతు ముందు నాదేందే? కానీ నేను ముందు రోజే విడిదికి పోయి వియ్యపురాలికి జడేస్తా గదా."

"జడకీ పాటకీ ఏంది సంబంధం?"

"జడేస్తా ఆ ముక్క చెవిలో మెల్లగా పాడతా. పాడనా మానెయ్యనా అని అడుగుతా. నవ్విందనుకో, బంతిలో పాడతా. తల ఇదిలించుకుందనుకో, మానేస్తా. మాచర్లామె అయితే ఆ ఆఖరి ముక్క తనే కలిపింది, ఇస్తరి సంగతి."

"మానేసినవి ఉన్నాయా?"

"పాడినవాటికన్నా అయ్యే ఎక్కువ. మంచియ్యన్నీ అందులోనే పోయినయ్" అని నవ్వింది.

ఆవిడ విడిదికి వెళ్ళేది కబుర్లు మొయ్యడానికని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని నేనే. అందుకు సిగ్గుపడాలి. దానికి బదులు, "మరి నా మీద వేసిన హాస్యం నన్ను అడిగే వేశావా?" అన్నాను. వదిన నవ్వు ఆగిపోయింది. "లేదే. పెళ్ళి చెడిపోతందని నోటికొచ్చింది అన్నా. తప్పే" అంది. క్షమించానని నేను అనలేదు. ఏళ్ళు గడిచినా అనలేదు.

పోవడానికి పది రోజుల ముందు కబురు పెట్టింది. మంచం మీద ఎముకలగూడులా ఉంది. దువ్వెన తెమ్మని, నన్ను కింద కూర్చోబెట్టి, నా జుట్టు విప్పింది. పాయలు తీయడానికే ఆయాసపడుతూ నా చెవి దగ్గరకు వంగి పాడింది.

"గొంతేమొ బంగారం, గుండెలో కారం
ఎదురింట నవ్వితే నీ ఇంట పస్తే
పిడికెడు నవ్వు పెడతా, విస్తరేసుకోవే మరదలా"

ఇన్నేళ్ళూ నా కడుపుమంట ఆవిడకు తెలుసన్నమాట. ఒళ్ళంతా మండిపోయింది.

"పాడనా, మానెయ్యనా?" అంది.

"మానెయ్" అన్నాను.

"సరే, మానేశా" అంది. జడ సగంలో ఉండగా చేతులు జారిపోయాయి. మిగతా సగం ఇంటికి వచ్చి నేనే వేసుకున్నాను.

పదోనాడు తలస్నానాలయ్యాక ఆవిడ కూతురు పెరట్లో జుట్టు ఆరబోసుకుంటుంటే దువ్వెన పట్టుకుని వెళ్ళాను. జడ వేస్తూ ఆ పాట చెవిలో పాడి, "రేపు భోజనాల్లో పాడనా, మానెయ్యనా?" అని అడిగాను. పిల్ల భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో వెనక నుంచి తెలియలేదు. కాసేపటికి, "పాడు అత్తా" అంది.

మర్నాడు పెద్దకర్మ. వదినకు ఇష్టమైనవన్నీ వండి, ఆవిడ పేరున ఒక విస్తరి విడిగా వేశారు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. నేను లేచి, హార్మోనియం లేకుండా, నా మీద వదిన కట్టిన పాట పాడాను. గరిటెలు ఆగిపోయాయి. ముందుగా నవ్వింది సత్తెనపల్లి వియ్యపురాలు. తర్వాత బంతంతా నవ్వింది. ఎన్నేళ్ళుగానో నేను ఎదురుచూసిన నవ్వు అదే.

పాడింది నేను. నవ్వింది నా మీద. కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళంతా చూసింది మాత్రం వదిన విస్తరి వైపు. అందులో అన్నం మీద ఇంకా పొగలు వస్తున్నాయి.