కదలని సొరుగు

సముద్రపు ఒడ్డున ఉన్న భూకంపాల ఆఫీసులో సూదిగారిని ఎరగనివాళ్లు లేరు. నేల కంపిస్తే కాగితం మీద గీత గీసే యంత్రపు సూదిని ముప్పై ఏళ్లుగా కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నందుకు ఆయనకా పేరు. సముద్రం అడుగున ఉన్న పెద్ద పగులు ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అదరలేదు. రోజూ రిజిస్టరులో "కదలిక లేదు" అని రాయడమే ఆయన ఉద్యోగం.

కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకి ఆ రెండు మాటలు తెగ నచ్చేశాయి. ఒక ఉదయం సూదిగారిని గదిలోకి పిలిచాడు.

"మీ చలవ వల్ల అంతా ప్రశాంతంగా ఉందండీ. ఇక ఆ పగులుకి కాపలా దేనికి? యంత్రం మూసేద్దాం," అంటూ మూసివేత కాగితం ముందు పెట్టుకుని, సంతకానికి పెన్ను కోసం బల్ల సొరుగు లాగాడు. రాలేదు.

"అది ప్రశాంతం కాదు సార్, బిగుసుకుపోవడం," అన్నారు సూదిగారు. "అక్కడ రెండు రాతి పలకలు పట్టేసుకున్నాయి. కదలవు గానీ, ఒకదాన్నొకటి తోసుకోవడం మానవు. ఏళ్ల తరబడి బలం పోగై, ఆ పట్టు కాస్తా జారిందంటే..."

"అవన్నీ నాకు తెలుసులెండి!" అని ఆఫీసరు బల్లకి కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. సొరుగు ఒక్కసారిగా ఊడివచ్చింది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. బల్ల మీది టీ అతని మీదా, మూసివేత కాగితం మీదా ఒలికింది.

"ముందే చెప్పొద్దటయ్యా?" అని అరిచాడు.

"ముప్పై ఏళ్లుగా అదే చెబుతున్నాను సార్."

మధ్యాహ్నానికల్లా కొత్త బల్లకి ఆర్డరు వెళ్లింది. మూసివేత కాగితాన్ని మాత్రం ఫ్యాను కింద ఆరబెట్టించి మరీ సంతకం చేశాడు.