మామ నాలుగు కిలోల కోసం ఆళ్లగడ్డలో ఐదు రోజులు

మంగళవారం ఉదయం ఆరుంబావుకు నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాను. చేతిలో మూడు వస్తువులు: చుట్టిన యోగా చాప, సాగే రబ్బరు పట్టీ, బరువు చూసే మిషన్. కొలిమిగుండ్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నమూనాలు తూచడం నా ఉద్యోగం. ఐదు రోజులు సెలవు పెట్టాను.

కారణం ఓబులేసు మామ, మా అమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. పొట్ట అడ్డమొచ్చి నేల మీద కూర్చోలేక నాలుగేళ్ళుగా విగ్రహాల పాదాలు, పీఠాలు వేరేవాళ్ళకు అప్పగిస్తున్నాడు. చివరికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. అప్పటికి నూట ముప్పై కిలోలు. శనివారం సాయంత్రానికి నూట ఇరవై ఆరుకు దిగాలి, అంతవరకూ ద్రవాహారమే అన్నాడు డాక్టరు. కాలేయంలోని కొవ్వు కరిగితేనే లోపల పరికరాలకు చోటట. దిగకపోతే వాయిదా. వాయిదా పడితే ఈయన మళ్ళీ ఆసుపత్రి గుమ్మం తొక్కడని అత్త నాకు ఫోన్ చేసింది.

ముగ్గురు కూర్చునే సీటులో మధ్యలో కూర్చున్నాను. ఇదే ఆపరేషన్ నాకు జరిగి పద్నాలుగు నెలలు. అంతకు ముందు ఈ దారిలో రెండు టికెట్లు తీసుకునేవాణ్ణి. పక్కన పరుపులు, జంపఖానాల వ్యాపారం చేసే మస్తానన్న. నా చాప అంచు వేళ్ళతో నలిపి చూసి, ఇందులో నూలు లేదని తేల్చాడు. నా కథ విన్నాక అసలు ప్రశ్న అడిగాడు.

“కడుపు కోయించుకుంటే బరువు దానంతటదే దిగుతాది గదప్పా. మళ్ళా ఈ తిప్పలేందీ?”

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి అతనికి చెప్పిందే రాస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు యోగా: శ్వాస, మెడ, భుజాలు, కుర్చీలో కూర్చొని చేసేవి, పడుకొని నడుము లేపడం. ఆపరేషన్ తర్వాత మొదట నడక, నెమ్మది శ్వాస మాత్రమే. కపాలభాతి వద్దు, పొట్ట మీద ఒత్తిడి వద్దు. ఆరువారాలయ్యాక, డాక్టరు సరేనంటేనే, పిలాటిస్. అంటే పడుకొని, ఊపిరితో కలిపి, నడుమూ పొట్టా లోపలి కండరాలకు మెల్లగా పని చెప్పడం. బరువుతో పాటు కండ కూడా పోతుంది. దాన్ని నిలబెట్టుకోవడం మన పని. నేను యాభై రెండు కిలోలు తగ్గాను, ఇప్పుడు నేల మీది నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తాను. మస్తానన్న శిరివెళ్లలో దిగుతూ, తన నడుము నొప్పికి ఏమన్నా ఉందా అని అడిగాడు. ముందు డాక్టరుకు చూపించుకోమన్నాను.

ఏడున్నరకు ఆళ్లగడ్డ. మామ ఇంటి ముందు రాతి పొడి కడిగేసి, మిషన్ పెట్టి, ఆయన్ను ఎక్కించాను. నూట ముప్పై, పైన రెండొందల గ్రాములు. తగ్గాల్సింది పెరిగింది.

ఎందుకో అత్త చెప్పింది. ఆపరేషన్ అయితే ఇక తినలేడని, వారం నుంచి చుట్టాలందరూ వంతులేసుకొని విందులు పెడుతున్నారు. పిలిస్తే పోకపోవడం, వడ్డించింది వద్దనడం మా వైపు మనిషిని కొట్టినంత పని. నవ్వలేకపోయాను. నా ఆపరేషన్‌కు ముందు నేను కూడా తొమ్మిదిళ్ళలో తిని, వాయిదా వేయించుకున్నవాణ్ణే.

ఆ రోజు మధ్యాహ్నం వంతు మా పెద్దమ్మది. పన్నెండున్నరకు ఆకులు వేసింది. ఓళిగలు (బొబ్బట్లు), రాగి సంగటి, నాటుకోడి కూర. నేను ముందుకెళ్ళి ద్రవాహారం, కాలేయం, గ్రాములు అన్నీ వరుసగా వివరించాను. పెద్ద తప్పు చేశాను. పెద్దమ్మ గరిటె కింద పెట్టింది.

“నా తమ్మునికి నేను విషం పెడ్తాండానా రా? లెక్కలు నీ ఫ్యాక్టరీలో చెప్పుకో.”

మామ ఓళిగల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆకు మెల్లగా పక్కకు జరిపాడు.

“అక్కా, నాలుగేండ్లాయె నేను సామి పాదాలు చెక్కక. ఇంగొకడు చెక్కిన పాదాల మింద నా పేరు చెప్పుకుంటాండా. ఈ అయిదు దినాలు నాకు మజ్జిగ పొయ్. నువ్వు పోస్తే అదే అన్నం.”

పెద్దమ్మ లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను. వెన్న తీసిన పల్చటి మజ్జిగ చెంబుతో వచ్చి, ఆయన పక్కనే కూర్చొని గ్లాసులో పోసింది. మామ అరగంట సేపు గుక్క గుక్కగా తాగాడు. సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. మరుసటి రోజు నుంచి వంతులు తప్పలేదు, కాకపోతే మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు. పోయడానికి కూడా పోటీ పడ్డారు.

ఉదయం ఆరుకు, సాయంత్రం ఐదున్నరకు సాధన. తర్వాత చేయాల్సిన పిలాటిస్‌కు ఇదే పునాది అని చెప్పి, నేను ఊపిరి తీసుకో, వదులు అంటుంటే మామకు విసుగు. మూడో రోజు ఉలి తెచ్చుకున్నాడు. దెబ్బ పడేటప్పుడు ఊపిరి వదలాలని తనకు ముప్పై ఏళ్ళుగా తెలుసట. “ఈ మాట ముందే చెప్పింటే అయిపోయేది గదరా అల్లుడా. దీనికి ఇంగ్లీషు పేరొకటా?” ఆ రోజు నుంచి నా లెక్క ఆపి ఆయన ఉలి దెబ్బల లెక్కలోనే చేయించాను. పడుకొని, మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ నడుము లేపడం. మంగళవారం రెండు సార్లు చేశాడు, శనివారం ఉదయం పదకొండు.

శనివారం మధ్యాహ్నం రెండింటి బస్సుకు ఇద్దరం నంద్యాల బయలుదేరాం. మామ దారిపొడవునా జేబులోని ఉలి తడుముకుంటూనే ఉన్నాడు. నాలుగింటికి ఆసుపత్రిలో చెప్పులు విప్పాడు, ఉంగరం తీశాడు, జేబులోని ఉలి నా చేతికిచ్చి మిషన్ ఎక్కాడు. నూట ఇరవై ఐదు, పైన ఎనిమిది వందల గ్రాములు. నర్సు ఆపరేషన్ తేదీ రాసిచ్చింది. మామ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అక్కకు ఫోన్ చేశాడు.

అక్కడి నుంచి నంద్యాలలోనే ఉన్న మా ఇంటికి ఇరవై నిమిషాల నడక. ఆటో వద్దని మామే ముందు నడిచాడు. వెనకాల నడుస్తూ అనుకున్నాను: నేను తగ్గిన యాభై రెండు కిలోల్లో డాక్టర్లకు పెద్ద వాటా ఉంది. ఈ నాలుగు మాత్రం, కత్తి పడకముందే, మామ ఒక్కడే చెక్కి పడేసినవి.