ఆగ్నెస్ పేరు మరువని ఎడ్విన్ గారు

ఎడ్విన్ థార్లీ గారు ఇక లేరన్న వార్త నాకు మొదట చెప్పింది మా కింది గదిలో అద్దెకుండే అనూష. "ఆంటీ, ముందు ఆ హారతి పళ్లెం కింద పెట్టుండ్రి," అంది. పెట్టాక చెప్పింది. మరుక్షణమే మనసు ఒక పేరు మీదికి పరుగెత్తింది. ఆ పేరు ఆయన ఆఖరి సినిమాలో పడిందో లేదో!

ఎడ్విన్ గారు లండన్‌లో నిర్మాతగా మొదలై, దర్శకులై, రేవు కూలీల మీద, నర్సుల మీద చిత్రాలు తీశారు. భార్య పుట్టిన ఊరని కెనడాలోని మా హాలిఫాక్స్ చేరారు. ఆఖరి చిత్రం ఇక్కడ రేవు దాటించే ఫెర్రీ పడవ ప్రయాణికుల మీద. అందులో అనూష ఫోన్‌లో తల్లితో తెలుగులో ఏమందో తెలుసుకోవాలని మా ఇంటికి వచ్చారు. అనూష నన్నే చెప్పమంది. నాన్నగారి దగ్గర నేర్చిన నాలుగక్షరాలే నా విద్య. అయినా నన్ను పండితురాలిలా ఎదుట కూర్చోబెట్టారు.

"'తిన్ననే అమ్మా' అంటోందండీ," అన్నాను.

"నిజంగా తిన్నదా?"

"యాడ తిన్న ఆంటీ, షిఫ్ట్ నుంచి ఉరికొచ్చిన," అని అనూష నవ్వింది. అది ఆయనకు చెప్పాను.

"అయితే ఆ ముఖాన్ని తెరమీద ఇంకాసేపు ఉంచుదాం," అన్నారు.

సినిమా చివర నా పేరు వేస్తానన్నారు. నాకెందుకండీ అంటే ఆయన ముఖం వాడిపోయింది. ఆయన తొలి చిత్రం రీళ్లు తడిసిపోతే, ఆగ్నెస్ వెల్బీ అనే అమ్మాయి మూడు రోజులు కూర్చుని ఆరబెట్టి అతికించిందట. నిడివి ఎక్కువైందని ఈయన చివర వచ్చే పేర్లు కత్తిరించారు. ప్రదర్శనకు ఆమె తన తల్లిని వెంటబెట్టుకొచ్చింది. దీపాలు వెలిగాక, "నీ పేరేదే?" అని ఆ తల్లి అడగడం వెనక వరుసలో ఉన్న ఈయన విన్నారు. "నేను లేచేలోపు వెళ్లిపోయారు. ఆమె మళ్లీ పనికి రాలేదు," అన్నారు. ఎంత వెతికినా దొరకలేదట. ఆ తర్వాత ఆయన చిత్రాల్లో టీ అందించినవారి పేరు కూడా తప్పలేదు.

ఆసుపత్రిలో చివరిసారి, తన చేత్తో పేర్లన్నీ రాసిన ఒక కాగితం నా చేతిలో పెట్టారు. "ఎడిటింగ్ వాళ్లు పేర్లు తగ్గిస్తామంటున్నారు. మీరు చూస్తారా, శారదా?" చూస్తానన్నాను.

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. జపమాల తిప్పుతున్నా లెక్క తప్పేది. నిన్న అనూష, నేను ఫెర్రీ దాటి ఎడిటింగ్ చేసేచోటికి వెళ్లాం. భయపడ్డట్టే, పేర్లు సగమే ఉన్నాయి. కాగితం బల్ల మీద పెట్టి అక్కడే కూర్చున్నాను. "ఆంటీకి తొందర లేదంట," అని అనూష వాళ్లకు ఇంగ్లీషులో చెప్పింది. సాయంత్రానికి అన్ని పేర్లూ ఎక్కాయి.

పని అయినా చేతులు ఇంకా ఆ కాగితం కోసం వెతుకుతూనే ఉన్నాయి. చిన్న పనికీ పెద్ద గౌరవమిచ్చిన ఆ మహనీయుణ్ణి నాకు చూపించిన దైవానికి కృతజ్ఞురాలిని. ఆయన లోటు తీరేది కాదు.

శనివారం మన లైబ్రరీ హాల్లో ప్రదర్శన. పేర్లు పడేటప్పుడు దయచేసి లేవకండి. అన్నిటికన్నా ముందు, ఆయన కాగితంలో రాసినట్టే, ఒంటరిగా ఒక పేరు వస్తుంది. ఆగ్నెస్ వెల్బీ. ఎక్కడున్నా సరే, ఆమెను ఒక్కసారి తలచుకోండి.