ఊరి చెరువుకు ఒక్కడి పేరు

ఊరంతటికీ చెందిన చేపల చెరువును కంప్యూటరులో ఒక్క మనిషి పేరున ఎక్కించారు. ఎక్కించమని ఆయన అడగలేదు, ఎక్కించినట్టు ఆయనకు తెలియదు. ఆ పేరు వల్ల ఆయనకు సొంత ఊళ్ళో చోటు లేకుండా పోయింది. ఇది తప్పు. ఎవరు ఎంత మెత్తగా నచ్చజెప్పినా తప్పే.

నేను ఏలూరులో ఒక చేపల మేత షాపులో గుమస్తాగా చేరి అక్కడే ముసలివాణ్ణయ్యాను. ఇల్లు తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే పాసింజరు ఎక్కితే సాయంత్రం మళ్ళీ పాసింజరే. బడిలో చదివింది తక్కువ. రైల్లో ఎవరో చదివి వదిలేసిన పేపర్లే నాకు ఇంగ్లీషు నేర్పాయి. అందుకేనేమో, అర్థం కాని మాట ఎదురైతే దాన్ని వదిలిపెట్టను. ఈ ముసలాడి దగ్గర పెద్ద మాట వాడితే అర్థం అడుగుతాడని షాపులో అందరికీ భయం.

చెరువు ఎవరి పేరున ఎక్కిందో ఆ మనిషిది కొల్లేటి లంక గ్రామం. ఆ ఊరికి ఉమ్మడిగా ఒక చెరువుంది. ఇంటికో వాటా. మగదిక్కు లేని ఇంటికీ వాటా ఉంటుంది. మేత కావలసినప్పుడు ఊళ్ళోంచి ఎవరో ఒకరు షాపుకు వచ్చేవారు. ఎవరు వచ్చినా మేము ఊరి పేరే రాసేవాళ్ళం. ఎక్కువగా వచ్చేది మాత్రం ఆయనే. ఏలూరులో దిగాక బ్రాందీ షాపు వైపు చూడని మనిషి అని ఊరికి గురి.

"నన్ను నమ్మి కాదండీ బాబూ, నా కడుపులో పుండుని నమ్మి పంపుతారు" అనేవారు ఆయన. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు నవ్వొచ్చేది. బస్తాలు ఆటోలో ఎక్కేలోగా ఇద్దరం టీ తాగేవాళ్ళం. అలా మా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

కొల్లేట్లో ఊరి చెరువు పోవడం ఎప్పుడూ ఒక పేరుతోనే మొదలవుతుంది. బయటి ఆసామీ ఎవడో డబ్బు సంచితో వచ్చి ఊళ్ళో ఒకడి పేరు వాడుకుంటాడు. కొన్నాళ్ళకు గట్టు మీద కొత్త కాపలావాడు నిలబడి, ఆ చెరువు తవ్వినవాళ్ళనే "ఎవరు మీరు?" అని అడుగుతాడు. అలా పోయిన చెరువులు నాకు తెలుసు. అందుకే ఆ ఊరివాళ్ళు మేత బస్తా మీద కూడా ఒక్కడి పేరు రాయనిచ్చేవారు కాదు.

మా షావుకారు గారు మంచం పట్టాక వ్యాపారం వాళ్ళబ్బాయి చేతికొచ్చింది. ఆ అబ్బాయి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టింగ్ కంపెనీని పిలిపించాడు. కన్సల్టింగ్ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళు మన పని మనం ఎలా చేస్తున్నామో మనల్నే అడుగుతారు. మనం చెప్పింది రంగురంగుల గళ్ళుగా గీసి మనకే చూపిస్తారు. ఇంతేనా అంటారు. ఇంతే అంటే సంతకం పెట్టమంటారు. సంతకం పడేదాకా వాళ్ళకున్న ఓపిక కన్నతల్లికి కూడా ఉండదు. పడిన తర్వాత ఏది అడిగినా దాని పేరు ఛేంజ్ రిక్వెస్టు, దానికి ఖరీదు వేరే. వాళ్ళను దొంగలని నేననను. తాపీమేస్త్రీ కూడా గోడ లేచాక కిటికీ పెట్టమంటే కూలి వేరే అంటాడు. కానీ ఇంట్లో ఎంతమంది ఉంటారో అతను పునాది తీసేముందే కనుక్కుంటాడు.

మమ్మల్ని అడగడానికి వచ్చిన అమ్మాయి చదువుకున్నది, నెమ్మదైనది. గోడకు తెల్లబోర్డు తగిలించి నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఈ చెరువుకి కస్టమర్ పేరేంటండీ?"

"ఊరు."

"ఊరు అడ్రస్‌లో వచ్చేస్తుందండి బాబాయ్ గారూ. మనిషి పేరు చెప్పండి."

"మనిషంటూ లేడమ్మా. కస్టమరు ఊరే."

"మరి ఫోన్ నంబరండీ? ఊరికి ఫోనుండదు కదా!"

గదిలో అందరూ నవ్వారు. "ఆగండాగండి, మా బాబాయ్ గారు ఊరికి ఆధార్ కార్డు కూడా తీయించేస్తారు" అన్నాడు షావుకారు గారి అబ్బాయి. మళ్ళీ నవ్వులు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. బోర్డు మూల 'పార్కింగ్' అని రాసి, దాని కింద 'ఊరు' అని రాసింది.

"ఇక్కడ పెట్టి ఉంచుతానండీ. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతంటే ఎప్పుడమ్మా?"

"ఫేజ్ టూలో అండీ."

మర్నాడు గోడౌను వాళ్ళ గళ్ళు గీయడానికి ఆ బోర్డు తుడిచేశారు. ఆ వారంలోనే సంతకం అయిపోయింది. షావుకారు గారి అబ్బాయి కాగితాల చివరి పేజీ ఒక్కటే తిప్పాడు. ఫేజ్ టూ రాలేదు. పాత వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మనిషి పేరు లేకుండా అది ముందుకు కదలనందట. ఎక్కించేవాడు మేతకు ఎక్కువగా వచ్చేది ఎవరో చూసి, ఆయన పేరూ ఫోన్ నంబరూ కొట్టేశాడు. ఆ తర్వాత ఆయన ఫోనుకు మెసేజీలు వచ్చేవి. ఆయన ప్రకటనలనుకుని తుడిచేసేవారు.

నేను కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటి పట్టున ఉన్న రోజుల్లో, అందరికన్నా ఎక్కువ మేత కొన్న రైతెవరో చెప్పమని మా షాపువాళ్ళు ఆ కంప్యూటరునే అడిగారు. ఊరంతా కొన్న లెక్క ఒక్కడి మీద పడితే ఎవరి పేరు వస్తుంది? కొల్లేటి రోడ్డు మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. 'మా ఉత్తమ రైతు' అని పైన, మధ్యలో ఆయన ఫోటో, కింద ఆయన పేరు, దాని పక్కనే 'ఇన్ని ఎకరాల చెరువు యజమాని' అని.

నేను మళ్ళీ పనిలోకి వచ్చేసరికి ఆయన షాపు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"బొమ్మ బాగానే పడిందండీ. నేనంత అందంగా ఉంటానని మా ఇంటిది కూడా ఎప్పుడూ అన్లేదు. కింద రాసింది చదివారండి మావోళ్ళు."

ఆయన నవ్వబోయారు, కుదరలేదు. ఆ రోజు టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. రామకోవెల అరుగు మీద పెద్దలు నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మర్యాదగానే మాట్లాడారు.

"మిమ్మల్నేమీ అనటం లేదండి. మీ కంప్యూటరు ఊరికే రాసేసుకుంటాదేటండీ?"

"రాసేసుకుంది. తప్పు మాదే."

"అయితే ఆ పేరు తీయించి, ఊరి పేరున కాగితం తీయించుకురండి. అందాకా ఆయన వాటా పక్కనుంచుతాం."

"జమీందారు గారికి మా వాటాలెందుకులెండి!" అంది వెనకనుంచి ఒకావిడ. ఒకప్పుడు ఆవిడ పిల్లకు జ్వరమొస్తే పడవలో ఆసుపత్రికి చేర్చింది ఆయనే.

చెరువు ఊరిదేనని నేను చేత్తో రాసి, షాపు ముద్ర వేసి ఇచ్చాను. పెద్దల్లో ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీరు రాసిందండీ. మిషను రాసింది కావాలండి మాకు" అని తిరిగిచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. మనిషి మాటకన్నా మిషను మాటే ఖాయమని ఊళ్ళకు నేర్పింది మేమే.

ఆ రోజు నుంచి కంప్యూటరులో ఆ పేరు మార్పించడమే నా పని అయింది. కంపెనీకి రాస్తే ఒక నంబరు వచ్చేది. కొన్నాళ్ళకు అదే నంబరు మీద 'పరిష్కారమైనది' అని వచ్చేది. తెరిచి చూస్తే ఆయన పేరు అక్కడే ఉండేది. ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, మొదటినుంచీ చెప్పమనేది. షావుకారు గారి అబ్బాయిని అడిగాను.

"ఫ్లెక్సీ తీయించేశాం కదండీ బాబాయ్ గారూ. ఒక్క ఊరి కోసం వాళ్ళకి మళ్ళీ డబ్బు కట్టమంటారా?"

"ఒక్క మనిషి కోసం బాబూ."

"అదే కదండీ నేనంటున్నదీ" అన్నాడు.

చెరువు పట్టుబడికి వచ్చింది. వలలు లాగారు, లారీలు వెళ్ళాయి, వాటాలు పంచుకున్నారు. ఆయన్ని గట్టు మీదికి ఎవరూ పిలవలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. అదే ఎక్కువ బాధండీ అన్నారు నాతో. భార్యను తీసుకుని చింతలపూడి దగ్గర కూతురింటికి వెళ్ళిపోయారు. అది మెట్ట. ఎటు చూసినా పామాయిల్ తోటలు. నేను చూడ్డానికి వెళితే బోరు దగ్గర పైపు నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఊరి సంగతి అడుగుతారేమోనని దారంతా జవాబు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన అడగలేదు.

వానాకాలంలో ఆయన భార్య పోయింది. లంకకు తీసుకెళ్ళమని చివరిదాకా అడిగిందట.

"తీసుకెళ్ళాలంటే ఊరిని అడగాలి కదండీ. ఆళ్ళు రమ్మనేవోరే. తప్పు చేసినోడొస్తే తప్పుకున్నట్టు పక్కకి జరిగి నాకు దారొదుల్తారండి. ఆ దారంట ఆవిణ్ణి మొయ్యలేనండీ" అన్నారు. ఆవిణ్ణి అక్కడే, నీళ్ళు కనబడని చోట, సాగనంపారు.

ఇంటికొచ్చి కంపెనీకి మళ్ళీ రాశాను. ఈసారి తిట్టలేదు. జరిగింది జరిగినట్టు, ఆవిడ పోయిన సంగతితో సహా రాశాను. దానికి జవాబు వచ్చింది.

"నమస్తే సర్. మీరు రాసిందంతా చదివాను. కస్టమర్‌గా మనిషికి బదులు ఊరిని పెట్టుకునే ఏర్పాటు ఈ సిస్టమ్‌లో మొదటి నుంచీ ఉంది. మీ షాపు సంతకం చేసిన కాగితంలో అది అడగలేదు కాబట్టి మావాళ్ళు ఆపేసి ఉంచారు. ఇప్పుడే ఆన్ చేసి, ఊరి పేరు పెట్టాను. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు సర్. ఆ పెద్దాయనకు చెప్పండి."